సవరణ: పొగలో ఫోన్ బాణాలను నమ్ముకోవద్దు

హనుమకొండలోని మా అపార్ట్‌మెంట్‌లో జరిగిన ఫైర్ డ్రిల్ గురించి పోయిన వారం రాసిన పోస్టులో రెండు తప్పులున్నాయి. ఫోన్ కెమెరా తెరిస్తే నేల మీద పచ్చ బాణాలు చూపిస్తూ మెట్ల దాకా తీసుకెళ్లే ఆగ్మెంటెడ్ రియాలిటీ యాప్‌తో చేశాం కదా. అది జీపీఎస్‌తో మన అంతస్తు కనిపెడుతుందని రాశాను. కాదు. స్లాబుల కింద జీపీఎస్ సరిగా అందదు, అందినా మూడో అంతస్తో నాలుగోదో తేల్చడం దానివల్ల కాదు. గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే యాప్‌కు మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. అక్కడినుంచి కెమెరాకు కనిపించే గోడల మూలలు, తలుపుల అంచులు, ఫోన్‌లోని కదలిక సెన్సర్లు కలిపి ఎటు, ఎంత నడిచామో లెక్కగడుతుంది. ఆ స్టిక్కర్లను నేను ప్రకటనలనుకున్నాను!

రెండోది పెద్ద తప్పు. నిజంగా మంటలొచ్చినా ఫోన్ తీస్తే చాలన్నాను. ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మా మేనమామ అది చదివి ఫోన్ చేసిండు: "పొగల నీ కెమెరాకు ఏం కనవడ్తది అల్లుడా?" నిజమే. అంచులు కనిపించకపోతే లెక్క తప్పుతుంది, బాణం గోడలోకే చూపించినా చూపిస్తుంది. పైగా పొగ పైకి లేస్తుంది కాబట్టి బాగా వంగి పోవాలి. ఒక చేతిలో ఫోన్ ఉంటే పిల్లల్ని ఎట్లా పట్టుకుంటాం?

కాబట్టి యాప్ ముందుగా దారి అలవాటు చేసుకోవడానికే. ఆపదలో లిఫ్ట్ ఎక్కొద్దు, మెట్లే దిగాలి, బయటికొచ్చాక 101కి ఫోన్ చేయాలి. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు కొట్టేశాను.