ఫైలు నెత్తిన ఒక్క లైను

పద్దెనిమిదేళ్ల కిందట పర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) ఒకటి నా దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. లాగ్ ఫైళ్లు చదివి, ఎర్రర్లు లెక్కపెట్టి, రోజుకో మెయిల్ పంపడం దాని పని. ఈలోగా సర్వర్లు మారాయి, పర్ల్ వెర్షన్లు ఎన్నో మారాయి. నేను దాన్ని ముట్టుకోవాల్సి వచ్చింది మాత్రం ఒక్కసారే. 2017లో వచ్చిన పర్ల్ 5.26, మాడ్యూళ్లను (విడి ఫైళ్లలో ఉండే కోడ్‌ను) వెతికే దారుల జాబితాలోంచి ప్రస్తుత డైరెక్టరీని, అంటే స్క్రిప్టును నడిపే ఫోల్డర్‌ను, తీసేసింది. భద్రత కోసం చేసిన మంచి పనే. కానీ పక్కనే ఉన్న సెట్టింగుల ఫైలు కనబడటం లేదంటూ నా స్క్రిప్టు ఆగిపోయింది. ఫైలు పేరు ముందు ఒక చుక్క, ఒక స్లాష్ చేర్చాను, మళ్లీ నడిచింది.

అదే రోజుల్లో పైథాన్ 2లో రాసుకున్న స్క్రిప్టులు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. కొన్ని తిరగరాశాను, చాలావాటిని పారేశాను.

పర్ల్ గొప్పదా పైథాన్ గొప్పదా అనే గొడవలోకి నేను పోను. జనం పైథాన్ వైపు వెళ్లారని అందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది వేరు. స్క్రిప్టింగ్ భాషలకు దక్కిన అతి ముఖ్యమైన సదుపాయం ఏదని అడిగితే, ఏ ఫ్రేమ్‌వర్కునో ప్యాకేజీ మేనేజర్‌నో చూపించను. ఫైలు మొదట్లో రాసే ఒక్క లైనును చూపిస్తాను. పర్ల్‌లో 'యూజ్ స్ట్రిక్ట్', జావాస్క్రిప్ట్‌లో అదే మాట కొటేషన్లలో, పీహెచ్‌పీలో స్ట్రిక్ట్ టైప్స్ డిక్లరేషన్, రూబీలో ఫ్రోజెన్ స్ట్రింగ్ కామెంట్, పైథాన్‌లో 'ఫ్యూచర్' నుంచి చేసే ఇంపోర్టు. అన్నిటి అర్థమూ ఒకటే: ఈ ఫైలును కొత్త నియమాల ప్రకారం చదువు, మిగతా ఫైళ్ల జోలికి పోకు.

కంపైల్ చేసి, అంటే ముందే మెషీన్ భాషలోకి మార్చి పంపే ప్రోగ్రాముకు, భాష వెర్షన్ మారితే వచ్చే బాధ కొంత తక్కువ. ఎక్జిక్యూటబుల్ ఒకసారి తయారయ్యాక, కంపైలర్ మారినంత మాత్రాన అది మారదు. స్క్రిప్టు అలా కాదు. అవతలి మెషీన్‌లో ఏ ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్టును చదివి నడిపే ప్రోగ్రాము) ఉంటే దాని దయ. ఎవరో సిస్టమ్ అప్‌గ్రేడ్ చేస్తారు, ఆ రాత్రి నుంచి అదే కోడ్‌కు అర్థం మారిపోతుంది. రాసినవాడు ఉద్యోగం మారి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు.

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్నట్టు, ఒక్క దెబ్బతో అంతా సరిచేద్దామని బయలుదేరిన భాషలకు ఏమైందో చూశాం. పర్ల్ 6ను 2000లో ప్రకటించారు. తొలి స్థిరమైన విడుదలకు 2015 క్రిస్మస్ దాకా ఆగాల్సి వచ్చింది. 2019లో దాని పేరే రాకుగా మారింది. పీహెచ్‌పీ 6 అసలు రానే లేదు. భాష లోపలంతా యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ ఒకే అంకెల పద్ధతి) చేద్దామని 2005లో మొదలుపెట్టి 2010లో వదిలేశారు, తర్వాత ఆ అంకెను దాటేసి 2015లో నేరుగా 7కు వెళ్లారు. పాత కోడ్‌ను చాలావరకు నడవనివ్వని పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో, పైథాన్ 2కు మద్దతు ఆగింది 2020 జనవరి 1న. నడుమ పదకొండేళ్లు.

ఆ పదకొండేళ్లలో కొన్ని చేజేతులా పోగొట్టుకున్నవే. పాత పైథాన్‌లో యూనికోడ్ స్ట్రింగ్‌కు (కోడ్‌లోని అక్షరాల వరుసకు) ముందు 'యు' అక్షరం పెట్టేవాళ్లం. పైథాన్ 3.0 దాన్ని సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసే పద్ధతిలో తప్పు) చేసింది. అర్థం లేకపోయినా ఉండనిస్తే పోయేదేమీ లేదు, ఒకే ఫైలు రెండు వెర్షన్లలోనూ నడిచేది. 2012లో 3.3 వచ్చినప్పుడు ఆ అక్షరాన్ని మళ్లీ అనుమతించారు. బైట్ల (ముడి డేటా) మీద పర్సెంట్ గుర్తుతో విలువలు పొదిగే ఫార్మాటింగ్ 2015లో 3.5తో తిరిగొచ్చింది. ఇవి రెండూ మొదటి రోజునే ఉండి ఉంటే వలస చాలా తేలికయ్యేదని నా నమ్మకం.

జావాస్క్రిప్ట్‌కు పాత కోడ్‌ను విరిచే అవకాశమే లేదు. వెబ్‌లోని పాత పేజీలను ఎవరూ వచ్చి తిరగరాయరు. అందుకే నల్ (ఏమీ లేదని చెప్పే) విలువ రకమేమిటని అడిగితే ఇప్పటికీ 'ఆబ్జెక్ట్' అనే తప్పుడు జవాబు వస్తుంది. అందరికీ తెలిసిన బగ్, ఎవరూ ముట్టుకోలేని బగ్. 2009లో స్ట్రిక్ట్ మోడ్ (కఠిన నియమాల పద్ధతి) తెచ్చినప్పుడు ఆ సూచనను ఉత్త స్ట్రింగ్‌గా పెట్టారు. పాత బ్రౌజర్‌కు అది దేనికీ వాడని ఒక స్ట్రింగ్, చూసి వదిలేస్తుంది. కొత్త బ్రౌజర్‌కు అదే ఆజ్ఞ. ఇంత చిన్న ఉపాయంతో ఇంత పెద్ద పని చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు. 2015లో మాడ్యూళ్లు, క్లాసులు వచ్చాక వాటి లోపలి కోడ్ దానంతటదే స్ట్రిక్ట్ అయింది. కొత్త సింటాక్స్ వాడాడంటే కొత్త నియమాలకు ఒప్పుకున్నట్టే కదా, వేరే లైను దేనికి?

పీహెచ్‌పీ 7లో వచ్చిన స్ట్రిక్ట్ టైప్స్ (విలువల రకం సరిగ్గా కుదరాలనే నియమం) గురించి మాత్రం చాలామంది పొరబడతారు. ఫంక్షన్ ఉన్న ఫైలులో ఆ లైను రాస్తే, దాన్ని పిలిచే ప్రతివాడికీ అది వర్తిస్తుందనుకుంటారు. కాదు. ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కు ఇచ్చే విలువల) విషయంలో పిలిచే ఫైలుదే నిర్ణయం. లైబ్రరీ రాసినవాడు తన పట్టుదలను వాడుకునేవాడి నెత్తిన రుద్దలేడు, వాడుకునేవాడి బద్ధకం లైబ్రరీ లోపలికి వెళ్లదు. మొదట విన్నప్పుడు తలకిందులుగా అనిపించింది గానీ, ఈ పద్ధతికి ఇదే సరైన సరిహద్దు.

పైథాన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. టైప్ అనోటేషన్లను (విలువ రకాన్ని చెప్పే రాతలను) వెంటనే లెక్కించకుండా స్ట్రింగులుగా దాచే పద్ధతి 2018లో పైథాన్ 3.7తో వచ్చింది, ఫ్యూచర్ ఇంపోర్టు ఉన్న ఫైళ్లకు మాత్రమే. 3.10 నుంచి అందరికీ అదే డిఫాల్ట్ చేయాలని అనుకున్నారు. 2021 ఏప్రిల్‌లో పైడాంటిక్, ఫాస్ట్‌ఏపీఐ అనే లైబ్రరీలు వాడేవాళ్లు అభ్యంతరం చెప్పారు: ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు అనోటేషన్లు చదివే లైబ్రరీలు దీంతో దెబ్బతింటాయి. వాయిదా వేశారు. చివరికి 2025 అక్టోబరులో వచ్చిన 3.14 వేరే దారి పట్టింది: అనోటేషన్‌ను అడిగినప్పుడే లెక్కించడం. అంటే ఫ్యూచర్ అని పేరు పెట్టుకున్న ఆ భవిష్యత్తు రాలేదు! దీన్ని వైఫల్యమని కొందరంటారు. నాకైతే ఈ పద్ధతికి దీన్ని మించిన సాక్ష్యం లేదనిపిస్తుంది. ఆ మార్పును 3.7లోనే అందరి మీదా రుద్ది ఉంటే వెనక్కి తగ్గడానికి చోటే ఉండేది కాదు.

అయితే ఆ లైనుకు ఒక హద్దు ఉంది, అక్కడే నా వాదన బలహీనపడుతుంది. సింటాక్స్, చెకింగ్ లాంటివి ఫైలులో మొదలై ఫైలులోనే ముగుస్తాయి. విలువలు అలా ఆగవు, ఒక ఫైలులో పుట్టి ఇంకో ఫైలులోకి పోతాయి. పైథాన్ 2.6లో యూనికోడ్ లిటరల్స్ అనే ఫ్యూచర్ ఇంపోర్టు ఉండేది. ఆ ఫైలులోని స్ట్రింగులన్నీ యూనికోడ్ అయిపోయేవి, వాటిని బైట్లు ఆశించే పాత లైబ్రరీకి ఇస్తే అక్కడ ఎక్కడో లోపల పేలేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నేనూ ఆ మందు వేసి, వారం తిరక్కుండానే తీసేసినవాణ్నే.

రూబీదీ ఇదే చిక్కు. స్ట్రింగ్ లిటరల్స్‌ను (కోడ్‌లో నేరుగా రాసిన స్ట్రింగులను) మార్చడానికి వీల్లేకుండా చేసే కామెంట్ 2015లో 2.3తో వచ్చింది. రూబీ 3లో దాన్నే డిఫాల్ట్ చేయాలనుకుని, పాత కోడ్ ఎంత విరుగుతుందో చూసి మానుకున్నారు. 2024 డిసెంబరులో వచ్చిన 3.4 ఒక మధ్యే మార్గం పట్టింది. కామెంట్ లేని ఫైలులోని లిటరల్‌ను మారిస్తే ఎర్రర్ రాదు, డిప్రికేషన్ (మున్ముందు తీసేస్తామనే) వార్నింగులు ఆన్ చేసుకుంటే హెచ్చరిక వస్తుంది. తొమ్మిదేళ్లకు ఒక హెచ్చరిక! నత్తనడకే, కానీ ఎవరి సర్వరూ పడిపోలేదు.

ఇంకో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ లైను తెలియని కొత్తవాడికి దక్కేది భాషలోని అతి పాత, అతి వదులైన రూపం. పర్ల్ నేర్చుకోబోయే కుర్రాడు ఉత్త ఫైలు తెరిస్తే, వేరియబుల్ పేరులో అక్షరం తప్పినా భాష కిమ్మనదు. మంచి అలవాట్లను డిఫాల్ట్ చేద్దామని 2020లో పర్ల్ 7 ప్రకటించింది ఇందుకే. పాత కోడ్ ఏం కావాలని గట్టి వ్యతిరేకత వచ్చింది, ఆ ప్రణాళిక ఆగిపోయింది. బదులుగా 2022లో 5.36 వచ్చింది. 'యూజ్ వీ5.36' అని రాస్తే స్ట్రిక్ట్, వార్నింగులు, ఫంక్షన్ సిగ్నేచర్లు (ఫంక్షన్ తీసుకునే విలువల జాబితాలు) ఒకేసారి వస్తాయి, రాయకపోతే పాత ప్రపంచమే. ఆ నిర్ణయం సరైనదేనంటాను, కొత్తవాడి నష్టం నిజమే అయినా. ఆ నష్టాన్ని టూల్స్ కొంత పూడుస్తాయి. లైను లేకపోతే పర్ల్ క్రిటిక్, రూబోకాప్ అనే కోడ్ తనిఖీ టూల్స్ రెండూ గుర్తుచేస్తాయి. పీహెచ్‌పీ సీఎస్ ఫిక్సర్ ఆ లైనును తనే చేర్చగలదు గానీ, ఆ రూల్‌కు 'రిస్కీ' అని ముద్ర ఉంటుంది. చేరిస్తే ప్రోగ్రాము ప్రవర్తన మారవచ్చు మరి. టెస్టులు లేని పాత ప్రాజెక్టు మీద దాన్ని ఒక్కసారిగా తోలకండి, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్‌గా వెళ్లండి.

ఇప్పుడు పైథాన్ ముందున్న పెద్ద మార్పు ఫైలు స్థాయిలో తేలేది కాదు. గిల్ అని పిలిచే గ్లోబల్ లాక్ (ప్రోగ్రాములో ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే నడపనిచ్చే తాళం) లేని బిల్డ్ 3.13లో ప్రయోగంగా వచ్చింది, 3.14లో అధికారికంగా మద్దతున్న ఐచ్ఛిక బిల్డ్ అయింది. లాక్ మొత్తం ప్రాసెస్‌కు ఒక్కటే, ఫైలుకొకటి ఉండదు. అందుకని బాధ్యతను సీ ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్ల (సీ భాషలో రాసి పైథాన్‌కు జోడించే కోడ్) మీద పెట్టారు. గిల్ లేకుండా పనిచేయగలనని ప్రతి మాడ్యూలూ తన కోడ్‌లో ప్రకటించుకోవాలి. ప్రకటించని మాడ్యూల్ ఒక్కదాన్ని ఇంపోర్ట్ చేసినా, ఇంటర్‌ప్రెటర్ ఒక వార్నింగ్ ఇచ్చి మొత్తం ప్రాసెస్‌కు గిల్‌ను మళ్లీ ఆన్ చేస్తుంది. ఇదీ ఒక్క లైను లాంటిదే, కాకపోతే రాయాల్సింది మనం కాదు. మీ ప్రాజెక్టులో ఇలాంటి మాడ్యూళ్లున్న ప్యాకేజీలు నలభై ఉంటే, అందులో మూడేళ్లుగా ఎవరూ పట్టించుకోని ఒక్కటి చాలు, మిగతా ముప్పై తొమ్మిదీ పడ్డ కష్టం ఆ ప్రాసెస్‌లో పనికిరాకుండా పోవడానికి. కొత్త బిల్డ్ కోసం ఎదురుచూసేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది బెంచ్‌మార్కులు కాదు, తమ డిపెండెన్సీల (ప్రాజెక్టు ఆధారపడ్డ ప్యాకేజీల) జాబితాను.