సవరణ: 1854 అర్ధణా స్టాంపును నకిలీ అన్నది తొందరపాటు

కడప ఏడురోడ్ల దగ్గరుండే మిత్రుడొకాయన తాతగారి పెట్టెలో దొరికిన నీలం అర్ధణా విక్టోరియా స్టాంపు గురించి పోయిన వారం రాశాను కదా. "వాటర్‌మార్క్ (కాగితాన్ని వెలుతురుకు పెడితే కనిపించే గుర్తు) లేదు, అంచులకు పళ్లు లేవు, కాబట్టి నకిలీ" అని తేల్చేశాను. రెండు కారణాలూ తప్పే.

1854 స్టాంపులకు అసలు పళ్లే లేవు, కత్తెరతో కత్తిరించుకునేవారు. ఇక వాటర్‌మార్క్ ఒక్కో స్టాంపుకు ఒకటి కాదు. ఈస్టిండియా కంపెనీ చిహ్నం ఒక్కటే షీటంతా పరుచుకుని ఉండేది. అందువల్ల ఒక స్టాంపులో చిన్న గీత పడొచ్చు, పక్కదానిలో ఏమీ పడకపోవచ్చు. అలాగని వాటర్‌మార్క్ లేనివన్నీ అసలువని అనుకోకండి. రీప్రింట్లూ (తర్వాత మళ్లీ అచ్చువేసినవి) నకిలీలూ కూడా ఉన్నాయి.

ఇంకో పొరపాటు: 1854 నాటి నాలుగు విలువల స్టాంపులూ రాతి అచ్చే (రాతి పలక మీది బొమ్మను కాగితం మీదికి దించడం) అన్నాను. ఆకుపచ్చ రెండణాలది లోహపు అచ్చు. భూతద్దంలో దాని గీతల అంచున సిరా గట్టు కట్టినట్టు కనిపిస్తుంది. రాతి అచ్చులో సిరా చదునుగా ఉంటుంది. నిన్న సాయంత్రం కిటికీ వెలుతురులో అర్ధణాను మళ్లీ చూశాను. సిరా చదునుగానే ఉంది. ఇది దాని పక్షానే, కానీ రుజువు కాదు. మంచి నకిలీలూ రాతి అచ్చులోనే వేస్తారు.

నా మాట విని ఆయన దాన్ని అగ్గువకు ఇచ్చేయబోయారు. క్షమించమని అడిగాను. నిపుణుల సర్టిఫికెట్ వచ్చేదాకా అమ్మొద్దన్నాను.