ఎండీ గారికి ‘కుదరదు సార్’ అనే మనిషి కావాలి

గుంటూరులో నేను చూసిన మిర్చి ఎగుమతి ఆఫీసులు చాలావాటిలో ఒక డ్రాయరు ఉంటుంది. అందులో పెన్‌డ్రైవ్‌లా ఉండే ఎండీ గారి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన చీటీ, ఆ చీటీ మీద పిన్ నంబరు. డ్రాయరు తాళం అకౌంటెంట్ దగ్గర. పని పడితే టోకెన్ స్కూటీ మీద ఆడిటర్ గారి ఆఫీసుకి వెళ్లి, రెండు రోజులు అక్కడే ఉండి తిరిగొస్తుంది. చెక్కుబుక్కు బీరువాలో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకునే మనిషి, చట్టం దృష్టిలో చేతి సంతకంతో సమానమైన సంతకాన్ని ఇలా వదిలేస్తున్నారు. దాన్ని సొంతదారే జాగ్రత్తగా తన అధీనంలో ఉంచుకోవాలని 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఆయనకి ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

అందుకే గట్టిగా అంటున్నాను, కంపెనీ పెద్దలకి విడిగా ఒక ఐటీ మనిషి ఉండాలి. హోదా కోసం కాదు. దొంగలు ముందు వెతికేది వాళ్లనే కాబట్టి.

2024 మొదట్లో హాంకాంగ్‌లో అరుప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి ఒకరు వీడియో కాల్‌లో తమ ఫైనాన్స్ పెద్దనీ, తోటి ఉద్యోగుల్నీ చూసి, వాళ్లు చెప్పినట్టే డబ్బు పంపారు. ఆ ముఖాలన్నీ డీప్‌ఫేక్, అంటే కంప్యూటర్‌తో పుట్టించిన నకిలీలు. పోయింది దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని క్యాసినో హోటళ్ల కంపెనీ ఎంజీఎం రిసార్ట్స్ మీద సైబర్ దాడి జరిగితే, హెల్ప్ డెస్క్‌కి ఫోన్ చేసి ఉద్యోగిలా నమ్మించి లోపలికి దూరారని వార్తలొచ్చాయి. నష్టం దాదాపు పది కోట్ల డాలర్లని కంపెనీయే లెక్క చెప్పింది. గొంతు, ముఖం రెండూ దొంగిలించగలిగిన రోజుల్లో మిగిలింది అలవాటు ఒక్కటే. ‘మా సార్ రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చమని ఎప్పుడూ అడగరు, పెట్టేయండి, నేనే ఆయన నంబరుకి చేస్తాను’ అనగలిగేది ఆయన్ని రోజూ చూసే మనిషే.

మన దగ్గర ఇదే మోసం ఇంకో రూపంలో వస్తుంది. నాకు బాగా దగ్గరి ఒక కుటుంబానికే జరిగింది. ఒక కంటైనర్ తేజ మిర్చి వెళ్లింది, విదేశీ బయ్యరుకి ఎండీ గారి మెయిల్ నుంచే ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి ఇందులో వేయండి’ అని వెళ్లింది, వాళ్లు వేసేశారు. ఎలా దూరారా అని చూస్తే, మెయిల్ పాస్‌వర్డ్ ఆరేళ్లుగా అదే, పాత ఐప్యాడ్‌లో ఆ మెయిల్ తెరిచే ఉంది, ఆ ఐప్యాడ్ మనవడి చేతిలో ఉంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉండేదట, ‘ప్రతిసారీ ఈ ఓటీపీ గోలేంట్రా’ అని ఆయనే తీయించేశారు. తీసేసిన కుర్రాడికి అది తప్పని తెలుసు. నెలకి పదిహేను వేల జీతం, ఎదురుగా పెద్దాయన, ఏమంటాడు? మోసం తెలిశాక పరువు పోతుందని ఆ కుటుంబం మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం కాస్తయినా ఉండేది. ఇలాంటి దాడి బయటపడితే 6 గంటల్లోగా తమకి తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలిచ్చింది, ఆ సంగతి ఆ ఆఫీసులో ఒక్కరూ విననేలేదు.

మామూలు ఉద్యోగి ప్రింటర్ కోసం మూడు రోజులు తిరుగుతుంటే ఎండీకి ప్రత్యేకంగా మనిషా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇప్పుడు జరుగుతున్నదేంటి? ఎండీ గారి ఫోన్ హ్యాంగయిందంటే ఉన్న ఇద్దరు సిస్టమ్స్ కుర్రాళ్లూ చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారు, సరుకు రవాణాకి కావాల్సిన ఈ-వే బిల్లు తీయాల్సిన సిస్టమ్ ఆగిపోయి గేటు దగ్గర లారీ నిలబడినా సరే. విడిగా ఒకరుంటే మిగతావాళ్ల పని సాగుతుంది.

ఆ ఒకరు ఏం చేయాలి? చార్జర్ అందించడం కాదు. బ్యాంకు వాళ్లతో వీడియో మీటింగ్ ఉంటే అరగంట ముందే కెమెరా, మైకు చూసిపెట్టాలి. లాప్‌టాప్ పాడైతే పది నిమిషాల్లో ఇవ్వడానికి అదే ఫైళ్లతో రెండోది సిద్ధంగా ఉండాలి. ఇంటికి వెళ్లాలి, ఎందుకంటే సగం ప్రమాదం ఇంట్లోనే ఉంది. కేబుల్ అబ్బాయి బిగించి వెళ్లిన వైఫై రౌటర్, పిల్లలు గేములు దించుకున్న ఫోన్, ఎప్పుడో ఎవరో వేసి తీయని, దూరం నుంచే సిస్టమ్ నడిపించే ఎనీడెస్క్ యాప్, ఇవన్నీ చూడాలి. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది, ఇంట్లో పాత కంప్యూటర్ ఇంకా దానిమీదే నడుస్తుంటే ఎవరు మారుస్తారు? పైగా ఈ మనిషి జీతాల పట్టికలు, ఆస్తి కాగితాలు, ఇంటి ఫోటోలు అన్నీ చూస్తారు. అంత చూసే మనిషిని చవగ్గా దొరికాడని పెట్టుకోకూడదు, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఎప్పుడు ఏ సిస్టమ్‌లోకి వెళ్లారో రికార్డు ఉండాలి.

అసలు నా బాధ వేరే ఉంది. మన వ్యాపార కుటుంబాల్లో పెద్దాయనకి ఎదురు చెప్పే మనిషే లేకుండా పోయారు. మా చిన్నప్పుడు కొట్లో గుమస్తా ఉండేవారు. ‘వాడికి అరువు వద్దండీ, పోయిన సీజను బాకీయే రాలేదు’ అని యజమాని ముఖం మీదే అనేవారు, యజమాని కసురుకునేవారు, మర్నాడు ఆ మాటే వినేవారు. ఆ గుమస్తా కుర్చీ ఖాళీ అయింది. దాని చుట్టూ ఇప్పుడు ‘అలాగే సార్’ అనేవాళ్లే. కొడుకు అనడు, కోడలు అనదు, జనరల్ మేనేజర్ అసలే అనడు. విజయవాడ ఆసుపత్రుల్లో, కాలేజీ యాజమాన్యాల్లో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో, ఆటోనగర్ షెడ్లలో ఇదే తీరు. ఒక్క మనిషి చెప్పిందే చట్టమైన చోట, ఆ మనిషిలా మాట్లాడగలిగిన దొంగకి పని చాలా తేలిక. అందుకే జీతం కంటే ముందు ఆ ఐటీ మనిషికి ఇవ్వాల్సింది ‘కుదరదు సార్’ అనే హక్కు, అన్నందుకు ఉద్యోగం పోదన్న మాట. ఆ మాట ఎండీ గారు అందరి ముందూ ఇవ్వాలి.

నేను చెప్పిన ఆ కుటుంబం ఇప్పుడు ఒక అమ్మాయిని పెట్టుకుంది. హైదరాబాద్‌లో ఆరేళ్లు సపోర్ట్ డెస్క్‌లో చేసి, అమ్మానాన్నల కోసం తెనాలి తిరిగొచ్చిన అమ్మాయి. చేరిన మొదటి వారంలోనే డ్రాయర్లోని చీటీ చించేసి, టోకెన్ పెద్దాయన చేతికే ఇచ్చి, కొత్త పిన్ ఆయన చేతే కొట్టించింది. కొడుతున్నంతసేపూ అటు తిరిగి నిలబడింది. అకౌంటెంట్ గారు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.