ఏ పూసండీ మీది?

మా వీధి చివర మందుల షాపు మేడ మీద ఒక ఫిజియోథెరపీ సెంటరుంది. భూమ్మీద అత్యంత ఖరీదైన కరెంటు అక్కడే దొరుకుతుందని నా నమ్మకం. యూనిట్‌కి పది పైసలు పెంచితే రోడ్డెక్కే మనం, అక్కడ పావుగంట కరెంటుకి నాలుగొందలిచ్చి, పైగా "నడుముకి కరెంటు పెట్టించుకుంటున్నా" అని పెళ్లిళ్లలో చెప్పుకుంటాం. పెట్టేది మిల్లీయాంపుల్లో. ఇంటి మీటరైతే దాన్ని లెక్కలోకే తీసుకోదు.

పిరుదు దగ్గర మొదలై పిక్క మీదుగా బొటనవేలి దాకా ఎవరో తీగ పట్టి లాగినట్టు ఉంటే నేనూ పది సిట్టింగుల ప్యాకేజీ కట్టాను. పదకొండోది ఫ్రీ. పదికి తగ్గదని వాళ్లకి ముందే తెలుసన్నమాట.

వెళ్లగానే బోర్లా పడుకోవాలి. కుర్రాడొకడు వచ్చి తడి స్పాంజీలతో నాలుగు రబ్బరు కప్పులు నడుముకి అంటించి, మీట తిప్పి, "చీమలు పాకినట్టుందా సార్?" అంటాడు. ఉందంటే ఇంకాస్త తిప్పి వెళ్లిపోతాడు. మళ్లీ అతని దర్శనం గంట మోగాకే. అదీ చేతిలో ఫోనులో రీలు అయిపోతేనే.

ఈలోగా పక్క మంచం పెద్దాయన మెడ మాత్రం ఇటు తిప్పి, "ఏ పూసండీ మీది?" అన్నారు.

"ఎల్‌4-ఎల్‌5 అండి." అంటే నడుము పూసల్లో నాలుగో దానికీ ఐదో దానికీ మధ్యనున్న మెత్త, డిస్కు.

"మాది ఎల్‌5-ఎస్‌1." అంటే ఒక పూస కిందిది. గొంతులో పెద్దింటి వాళ్ల ధీమా. "మా వియ్యంకుడు గారు మీ వాళ్లే, ఎల్‌4-ఎల్‌5."

మూడో మంచం ఆయనకి రెండూ పోయాయిట. అది విన్నాక మేమిద్దరం కాస్త ఒదిగి మాట్లాడాం. ఆయన నడుముకి పట్టీ బిగించి ట్రాక్షన్ మిషను లాగి వదులుతోంది. "మా అల్లుడు... అబ్బా... డల్లాస్‌లో... హమ్మయ్య... ఇల్లు కొన్నాడు... అబ్బా..." లాగినప్పుడల్లా ఇంటి ధర పెరుగుతోంది. పెద్దాయనైతే తలగడ కింద నుంచి జాతకం తీసినట్టు ఎమ్మారై ఫిల్ము తీసి ట్యూబులైటు కేసి పట్టారు. పొంతన చూస్తారేమోనని భయపడ్డాను.

బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2016లోనే తేల్చేసింది: నడుంనొప్పికీ, నడుము నుంచి కాల్లోకి పాకే సయాటికా నొప్పికీ ట్రాక్షన్ వద్దు, అల్ట్రాసౌండ్ చికిత్స వద్దు, ఈ కరెంటు వద్దు, నడుం బెల్టూ వద్దు, మనిషిని తిరగనివ్వండి, వ్యాయామం చేయించండి అని. పాపం, వాళ్లకి పదకొండోది ఫ్రీ అని తెలీదు.

వ్యాయామం మా సెంటర్లోనూ ఉంది. పదో రోజున కాగితం రూపంలో ఇస్తారు. జిరాక్సుకి జిరాక్సు తీయగా తీయగా బొమ్మలో మనిషికి తల పోయింది, నడుము పోయింది, రెండు కాళ్లు మాత్రం గాల్లో మిగిలాయి.

నాలుగో మంచం మీద మిరపకోతకి వెళ్లే ఒకామె. రెండు బస్సులు మారి వస్తుంది. వచ్చిన రోజల్లా కూలి పోయినట్టే. "పూసలు అరిగిపోయాయి, వంగితే కాళ్లు పడిపోతాయి" అన్నాడట ఎవడో ఫిల్ము చూసి. నొప్పే లేనివాళ్ల స్కానులు పోగేసి చూసిన 2015 నాటి అధ్యయనంలో, 50 ఏళ్ల వాళ్లలో 80 శాతం మందికి డిస్కుల అరుగుదల ఉంది. తల నెరిసినట్టే అదీ. ఆ ఒక్క ముక్క ఆమెకి ఎవడూ చెప్పలేదు. చాలామందికి వారాల్లోనే తగ్గుముఖం పడుతుందనీ చెప్పలేదు, నడవమనీ చెప్పలేదు. మడమల మీద నిలబడగలవా? తొడల మధ్య మొద్దుబారిందా? మూత్రం తెలుస్తోందా? ఏదీ అడగలేదు. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం తెలియకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి, లేకపోతే జన్మంతా అలాగే ఉండిపోవచ్చు. అడగడానికి మిషను కూడా అక్కర్లేదు కదరా! ఆ కడుపు మాడ్చుకున్న డబ్బుతో ఆమెకి మీరు అమ్మింది భయం, ఒక బెల్టు.

నాలుగేళ్ల పైచిలుకు ఇదే చదివొచ్చిన ఫిజియోథెరపిస్టు ఆ సెంటర్లో లేకపోలేదు. ఒకమ్మాయి ఉంది. ఆమెని కౌంటర్లో ప్యాకేజీలు రాయడానికి కూర్చోబెట్టారు.

ఒకరోజు ఆ అమ్మాయి ఉండబట్టలేక లోపలికొచ్చింది. కప్పులు పీకి, నాలుగో మంచం ఆమెని లేపి నిలబెట్టి, చేతులు నడుము మీద పెట్టించి, మెల్లగా వెనక్కి వంగమంది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. "ఇప్పుడెక్కడుందమ్మా నొప్పి?"

"పిక్కలో లేదమ్మా. పైకొచ్చింది, ఇదిగో, ఇక్కడికి."

"అది మంచిదే. ఇంట్లో కూడా..."

"అమ్మాయ్!" బయట్నుంచి ఓనరు కేక. "కౌంటరు దగ్గర జనం!"