కట్ట ఉంది, జాబితా లేదు

కొత్త జిల్లా ఏర్పడితే ఆఫీసు బోర్డు మార్చడానికి ఒక పూట చాలు. రికార్డు రూమును పంచుకోవడం మాత్రం అన్నదమ్ముల పంపకం కంటే కష్టం. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. పాత ఫైళ్లన్నీ మండలాల వారీగా కట్టి ఉంటే పని సులువే. కానీ మండలాలు వచ్చిందే 1985లో. అంతకు ముందువి తాలూకా లెక్కన, అదీ సెక్షను, సంవత్సరం, డిస్పోజల్ నంబరు (ఫైలు మూసేటప్పుడు వేసే నంబరు) వరుసలో ఉంటాయి. ఒకే కాలువ ఫైలులో ఇటు నాలుగు ఊళ్లు, అటు మూడు ఊళ్లు ఉంటే దాన్ని ఎటు పంపాలి?

ఆర్కైవ్స్ పని, అంటే పాత రికార్డులను భద్రపరిచే పని తెలిసినవాళ్ల దగ్గర దీనికి పాత జవాబే ఉంది. ఫైలు ఏ ఆఫీసులో ఏ వరుసలో పుట్టిందో ఆ వరుసను చెదరగొట్టకూడదు. ఫైలును చీల్చకుండా ఉన్నచోటే ఉంచి, అందులో ఏముందో రాసిన జాబితాను, అవసరమైతే ధ్రువీకరించిన నకలును అవతలి జిల్లాకు ఇవ్వాలి. అయితే జాబితా ఇవ్వాలంటే ముందు మన దగ్గర జాబితా ఉండాలి కదా. రికార్డు రూముల అసలు జబ్బు ఇక్కడుంది. చెదల గురించి అందరూ మాట్లాడతారు. చెదలు తినేది పది కట్టలు. జాబితా పోతే గదిలో ఉన్న మిగతా కట్టలన్నీ ఉండీ లేనట్టే.

సీమ కాగితాలకు తిరుగుడు కొత్త కాదు. 1800లో నిజాం దత్తమండలాలను (నేటి సీమలో చాలా భాగం, బళ్లారి) ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టరు మన్రో దొర హయాంలో మొదలైన రెవెన్యూ కాగితం మద్రాసుకు వెళ్లింది. కర్నూలు 1839 దాకా నవాబు చేతిలో ఉంది. అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. 1953 అక్టోబరు 1న కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే హైదరాబాదు వెళ్లిపోయింది. రాష్ట్ర ఆర్కైవ్స్ హైదరాబాదు తార్నాకలో ఉండగానే 2014లో రాష్ట్రమూ రెండయింది. ఈరోజు ఒక ఇనాం భూమి పుట్టుపూర్వోత్తరాలు వెతకాలంటే చెన్నై ఎగ్మూరు, బళ్లారి, తార్నాక, ఆ పైన సొంత జిల్లా కేంద్రం తిరగాల్సి రావచ్చు. 1984 జనవరిలో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఊరి లెక్కలు కరణం గారి ఇంటి పెట్టెలోంచి బయటికొచ్చాయి. అప్పగింత ఊరికో రకంగా జరిగింది. బండి మీదో లారీ మీదో కాగితం కదిలిన ప్రతిసారీ దాని జాబితా కూడా వెంట వెళ్లిందా అని చూసినవాళ్లు తక్కువ.

ఫైలు బతుకు అది మూసిన రోజునే తేలిపోతుంది. శాశ్వతంగా ఉంచాల్సింది ఆర్.డిస్, పదేళ్లు ఉంచాల్సింది డి.డిస్, కొద్దికాలానికే పనికొచ్చేది ఎల్.డిస్. ఆ అక్షరం వేసేది సీటులో ఉన్న గుమాస్తా. రేపు ఎవరైనా అడిగితే తల ఎవరిదన్న భయంతో కొందరు అన్నిటికీ ఆర్.డిస్ కొడతారు. సెలవు దరఖాస్తు, ప్రభుత్వ భూమి పంచిన డి-పట్టా ఫైలు ఒకే అరలో శాశ్వతమైపోతాయి. గది నిండుతుంది, వరండా నిండుతుంది. ఆపై ఎవరో పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారంటే ‘పనికిరానివి’ ఏరి తూకానికి వేస్తారు. ఆ ఏరేది రికార్డు చదివినవాడు కాదు, ఆ రోజు ఖాళీగా దొరికినవాడు. శాశ్వతం అన్న ముద్రను అంత ధారాళంగా కొట్టడం వల్లే నిజంగా శాశ్వతమైనది తూకానికి పోతోందని నా అభిప్రాయం.

ఇక కాగితం సంగతి. పాత గుడ్డపీలికల కాగితం రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మడిస్తే విరగదు. పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి వచ్చిన కలపగుజ్జు కాగితంలో పటిక, రోజిను ఉంటాయి కాబట్టి అది తనలోని ఆమ్లంతో తానే పండుబారి పెళుసవుతుంది. అందుకే 1950ల నాటి ఫైలు 1850ల నాటి రిజిస్టరు కంటే అధ్వానంగా కనిపిస్తుంది. ఆర్కైవ్స్ గదిలో 22 నుంచి 25 డిగ్రీల వేడి, 45 నుంచి 55 శాతం తేమ ఉండాలంటారు. మే నెలలో కర్నూలు, అనంతపురంలో రేకుల కప్పు కింద గది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆరు నెలలు ఎండి, వానాకాలంలో తేమ పీల్చే కాగితంలో పిన్ను తుప్పు పట్టి చుట్టూ బిళ్లంత మేర తినేస్తుంది. ఖర్చు లేని పనులే ముందు చెయ్యాలి. పిన్నులు, క్లిప్పులు తీసి నూలు ట్యాగు వెయ్యాలి. ర్యాకును గోడకు, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎడంగా పెట్టాలి. కట్టను గోనెలో కాకుండా ఉతికి గంజి పోగొట్టిన నూలుబట్టలో చుట్టాలి. గంజి ఉంటే కాగితాలు తినే రామబాణం పురుగుకు విందే. చిరిగినచోట సెల్లోటేపు అంటించే అలవాటు, లామినేషన్ చేయించే ఉత్సాహం రెండూ మానాలి. టేపు జిగురు ఐదారేళ్లలో పసుపుపచ్చగా లోపలికి ఇంకి సిరాను లాగేస్తుంది. మైదా జిగురుతో పలుచని టిష్యూ కాగితం అంటిస్తే చాలు, కావాలంటే తడిపి తీసేయవచ్చు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. అలాంటి రోజున అందరూ చేసే పొరపాటు తడిసిన కట్టను విప్పి ఎండలో పరచడం. కాగితం ముడుచుకుపోతుంది, నునుపు కాగితమైతే ఇటుకలా గడ్డకడుతుంది. సుమారు 48 గంటల్లో బూజు మొదలవుతుంది కాబట్టి ముందు దాన్ని ఆపాలి. కట్టను విప్పకుండా, మూసి పట్టుకుని బురదను శుభ్రమైన నీటిలో మెల్లగా వదిలించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సున్నాకు 20 డిగ్రీల కింద గడ్డకట్టించాలి. తర్వాత తీరికగా కొద్దికొద్దిగా ఆరబెట్టవచ్చు. ఊదా రంగు పెన్సిలు రాత, రబ్బరు స్టాంపు నీళ్లకు కారిపోతాయి, వాటిని కడగకూడదు. ఇందుకు కొత్త యంత్రాలు కొననక్కర్లేదు. ఐస్‌క్రీమ్, చేపలు నిల్వచేసే ఫ్రీజర్లున్న గోదాముతో ముందే ఒప్పందం రాసుకుంటే చాలు. జిల్లా విపత్తు ప్రణాళికలో పడవల లెక్క ఉంటుంది, ఈ లెక్కా ఉండాలి.

అన్నిటికీ స్కానింగే మందు అనేవాళ్లకు రాయలసీమ రీసెట్లమెంటు రిజిస్టరు, అంటే బ్రిటిషు కాలపు భూముల రిజిస్టరు చూపించాలి. అందులో పట్టాదారు పేరు గడిలో పేరుకు బదులు వరుసగా చుక్కలు పెట్టిన సర్వే నంబర్లున్నాయి. వాటినే చుక్కల భూములంటాం, 2017లో వాటికోసం ప్రత్యేక చట్టమే చేశారు. స్కానర్ సాఫ్ట్‌వేరులో మచ్చలు తుడిచే ఆప్షను ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే దుమ్ము మచ్చతోపాటు ఆ చుక్కలూ ఎగిరిపోయే ప్రమాదం ఉంది. చుక్కలున్న గడి వేరు, ఖాళీ గడి వేరు. పైగా నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఎర్ర సిరా దిద్దుబాటు, అధికారి ఆకుపచ్చ సంతకం, గుమాస్తా నీలి రాత అన్నీ ఒకటే అవుతాయి. ఎవరు దిద్దారో తెలియని దిద్దుబాటు కోర్టులో నిలవదు. రంగుల్లో 300 డీపీఐకి తీసిన ఒక ఎ4 పేజీ కుదించకుండా ఉంచితే దాదాపు 26 మెగాబైట్లు. లక్ష పేజీలకు 2.6 టెరాబైట్లు, మూడు కాపీలకు ఎనిమిది దాకా. ఇది మరీ పెద్ద ఖర్చేం కాదు. ఖర్చంతా పేరు పెట్టడంలో ఉంది. ఫసలీ అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం, అడంగల్ అంటే ఊరి భూమి, పంటల లెక్క. 1393 ఫసలీ అడంగల్ అంటే 1983 జూలై నుంచి 1984 జూన్ దాకా. దాన్ని ఒక ఆపరేటరు 1983 అని, ఇంకొకరు 1984 అని, మూడోవారు స్కాన్0047 అని దాచితే, ఇంతకు ముందు గదిలో పోయిన కాగితం ఇప్పుడు హార్డ్‌డిస్కులో పోతుంది.

ఢిల్లీలోనూ కథ ఇదే. నేషనల్ ఆర్కైవ్స్ 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డు డిపార్టుమెంటుగా పుట్టింది. కేంద్ర కార్యాలయాలకు 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. శాఖకొక రికార్డు అధికారి ఉండాలి, పాతికేళ్లు దాటినవాటిలో ఉంచదగ్గవి ఆర్కైవ్స్‌కు చేరాలి, 1892కు ముందువి మామూలుగా ధ్వంసం చేయరాదు, ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు. అయినా 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని 2022 డిసెంబరులో సంస్థ డైరెక్టర్ జనరలే బహిరంగంగా చెప్పారు. కాగితాలు కాలిపోలేదు, వరద రాలేదు. శాఖలు పంపలేదు, అంతే.

జిల్లాలో చేయగలిగింది చాలా చిన్న పని. స్కానర్ టెండరు కంటే ముందు ఒక్కో కట్టకు ఒక్కో వరుస రాయాలి. ర్యాకు నంబరు, కట్ట నంబరు, పాత తాలూకా, ఊళ్లు, ఫసలీతోపాటు ఇంగ్లిషు సంవత్సరాలు, డిస్పోజల్ నంబరు, పేజీల సంఖ్య, కాగితం స్థితి. జిల్లా చీలినా ఆ జాబితాను రెండు జిల్లాలూ ఉంచుకోవచ్చు.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపు కుటుంబాలవాళ్లు 1986 నాటి జీవో 98 కింద ఉద్యోగం అడిగినప్పుడు వాళ్లకు కావలసింది భూసేకరణ అవార్డు కాగితం, అంటే తీసుకున్న భూమికి పరిహారం తేల్చిన ఉత్తర్వు. జాబితా ఉంటే ఊరి పేరు, అవార్డు నంబరు చూసి తీయడం గంట పని. లేకపోతే చేతికొచ్చేది ‘రికార్డు లభ్యం కాలేదు’ అన్న ఒక్క వాక్యపు ఎండార్స్‌మెంటు, అంటే ఆఫీసు రాతపూర్వక జవాబు. ఏ ర్యాకులో, ఏ ఏడాది కట్టల్లో, ఎవరు వెతికారో అందులో ఉండదు. కనీసం ఆ మూడు వివరాలూ రాయాలన్న నిబంధన పెడితే, ఎన్ని ‘లభ్యం కాలేదు’లు నిజంగా లభ్యం కానివో తెలుస్తుంది.