పింఛను అందింది, పలకరింపో?

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఒకటో తారీఖు తెల్లారేసరికి ముసలివాళ్లు ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చుంటారు. సచివాలయ ఉద్యోగి వస్తాడు, వేలిముద్ర తీసుకుంటాడు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పక్కింటికి వెళతాడు. కొందరికి నెల మొత్తంలో గడప దాకా వచ్చే మనిషి అతనొక్కడే. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. మందుల చీటీ పట్టుకుని కొడుకు ముఖం, కోడలి ముఖం చూసే అవస్థ చాలామందికి తప్పింది. మాట్లాడే మనిషి లేని లోటు మాత్రం అలాగే ఉంది.

పిల్లల్ని తిట్టడం తేలిక. ఉద్దానం నుంచి హైదరాబాద్‌కు, పాలమూరు నుంచి ముంబైకి, జగిత్యాల నుంచి దుబాయ్‌కి, కడప నుంచి కువైట్‌కి పోయినవాళ్లు సరదాకి పోలేదు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు, సరే. నెలనెలా డబ్బు పంపుతున్న కొడుకు మీద ఏమని ఫిర్యాదు చేస్తారు?

ఒంటరితనం ముందు పొయ్యి దగ్గర కనబడుతుంది. ‘నా ఒక్కదానికి కూరెందుకులే’ అనుకుని పొద్దున వండిన అన్నమే రాత్రికి పచ్చడితో, మిగిలింది మర్నాడు మజ్జిగతో. తర్వాత చెవి. వినబడని మనిషితో గట్టిగా అరిచి మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది? రచ్చబండ దగ్గర నలుగురూ నవ్వితే తన మీదేనేమోనని అనుమానం. ఓ పూట మానేస్తాడు, ఆపై రానే రాడు. శుక్లాలు కమ్మితే పొద్దుగూకాక గడప దాటడానికే భయం. కంటి ఆపరేషన్, వినికిడి మిషన్ సకాలంలో అందితే ఇందులో సగం బాధ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒంటరితనంపై ప్రత్యేకంగా కమిషన్ వేసింది. మన దగ్గర దాన్నింకా ‘ముసలాయన చాదస్తం’ కిందే జమ కడుతున్నారు.

ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి టికెట్ లేదు. కూతురి ఊరికి వెళ్లి రావాలని అవ్వకూ ఉంటుంది. ఊళ్లోకి బస్సంటూ వస్తే కదా! వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, మంచిదే. చెవి వినబడని మనిషి దానికి ఫోన్ చేసి ఏం మాట్లాడతాడు?

పక్కన కూర్చుని తినే మనిషి కావాలి. పింఛను తీసుకునే వృద్ధులకూ పిల్లల భోజన కేంద్రాల్లోనే అన్నం పెట్టే ఏర్పాటు తమిళనాడు 1980లలోనే చేసింది. మన ఊరి బడుల్లోనూ రోజూ వంట అవుతోంది. బియ్యం కోటా కాస్త పెంచి, వండే మహిళలకు అదనంగా డబ్బిచ్చి, ఒంటరిగా ఉన్న పెద్దలకూ మధ్యాహ్నం అక్కడే వడ్డించాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఎవరెవరున్నారో పింఛను పంచే ఉద్యోగికి తెలుసు. ఒక్కరోజులో నూటికి నూరు శాతం పంపిణీ అనే టెన్షన్ తగ్గిస్తే, ‘తిన్నావా పెద్దమ్మా, కళ్లు కనబడుతున్నాయా’ అని అడిగి రాసుకొస్తాడు కూడా. ఎవరు వండారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్న గొడవ వస్తుందని అధికారులు జంకుతారేమో. రానివ్వండి. వాళ్ల మనవలు అదే బడిలో ఒకే బంతిన తింటున్నారు.