రిజిస్టర్‌లో కొట్టేసిన పేరు

మొన్నటి మన సంఘం వార్షికోత్సవంలో, దారితప్పిన పిల్లలతో పనిచేసే ఆ సంస్థ వాళ్ళు మన విరాళం చెక్కు అందుకుని, "మా దగ్గర పూర్తిచేసిన పిల్లల్లో దాదాపు ఎవరూ మళ్ళీ పోలీసుల దాకా వెళ్ళలేదు" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ మొదలుపెట్టి, 'పూర్తిచేసిన' అన్న మాట గుర్తొచ్చి ఆపేశాను.

అక్కడ రెండేళ్ళు వలంటీరుగా ఉన్నాను. నాకప్పగించిన కుర్రాడికి పదహారేళ్ళు, దొంగతనం కేసు. మొదట్లో నేనేం అడిగినా వంగి బూటు లేసులు కట్టుకునేవాడు. విప్పి మళ్ళీ కట్టేవాడు. మూడో నెలకి లేసుల గొడవ మానేసి కబుర్లలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే సెషన్ టైము సాయంత్రం నాలుగింటికి మార్చారు. ఆ వేళకి వాడు చెల్లెల్ని బడి నుంచి తీసుకురావాలి. ఆ మాట ఆఫీసులో చెబితే "రూలు అందరికీ ఒకటే" అన్నారు. మూడుసార్లు రాకపోయేసరికి రిజిస్టర్‌లో వాడి పేరు మీద ఎర్రగీత పడింది. ఆర్నెల్లకి మళ్ళీ అరెస్టయ్యాడు. వేదిక మీద చెప్పిన లెక్కలో వాడు లేడు.

చివరిదాకా నిలిచినవాళ్ళనే లెక్కపెడితే ఏ కార్యక్రమమైనా గొప్పగానే కనిపిస్తుంది. మధ్యలో మానేసేది సాధారణంగా ఎక్కువ చిక్కుల్లో ఉన్నవాళ్ళే. పైగా టీనేజీ దాటుతుంటే చాలామంది తమంతట తామే దుడుకు తగ్గించుకుంటారు. ఆ మార్పంతా మన ఖాతాలో రాసుకోవడం న్యాయం కాదు. అలాంటి పిల్లలే, ఈ సాయం అందనివాళ్ళు ఏమయ్యారో పక్కన పెట్టి చూడాలి.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో ఆ పనే చేశారు. 506 మంది అబ్బాయిల్ని ఒకరినొకరు పోలి ఉండేలా జతలు కట్టి, నాణెం ఎగరేసి, ప్రతి జతలో ఒకరికి ఏళ్ళ తరబడి సాయం చేశారు. ముప్పై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ అనే నేరశాస్త్ర పరిశోధకురాలు వాళ్ళని వెతికి పట్టుకున్నారు. సాయం అందుకున్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది మేలు జరిగిందనే అన్నారు. 1978లో ఆవిడ ప్రచురించిన ఫలితాలు చూస్తే నేరాలు తగ్గనేలేదు. తాగుడు, మానసిక జబ్బులు, తొందరగా చనిపోవడం సాయం అందినవాళ్ళలోనే ఎక్కువ. పిల్లల్ని జైలుకి తీసుకెళ్ళి ఖైదీల చేత బెదిరించే పద్ధతీ అంతే. ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, ఏమీ చేయకుండా ఊరుకున్నదానికన్నా నష్టమే ఎక్కువని తేలింది.

చిన్న సంస్థకి నాణేలు ఎగరేస్తూ కూర్చోవడం కుదరదు, నిజమే. మళ్ళీ అరెస్టయ్యాడా లేదా అన్నది ఆ పేటలో పోలీసులు ఎంత తిరుగుతారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. తిరిగి బడికెళ్ళడం, ఉద్యోగంలో కుదురుకోవడం కూడా ఫలితాలే. ఫారాలు నింపుతూ కూర్చుంటే పిల్లాడితో మాట్లాడే టైము తగ్గుతుందన్న వాళ్ళ బాధా నాకు తెలుసు, నేనూ నింపాను.

కానీ మనం ఇచ్చాక అడగం. అడగడం మర్యాద కాదనుకుంటాం. పక్కింటి పిల్లాడి ర్యాంకు మాత్రం చివరి అంకె దాకా ఆరా తీస్తాం! మన పిల్లల్లో ఒకడు ఇలాంటి కేసులో ఇరుక్కుంటే ఆ ఇంటికి ఫోన్లు చేయడం మానేస్తాం. ఎవరి పిల్లలో అనుకున్నప్పుడు చప్పట్లు కొట్టడం తేలిక.

వచ్చే సర్వసభ్య సమావేశంలో చెక్కు మీద సంతకం పడేముందు లేచి అడగబోతున్నాను: ఎంతమంది చేరారు, ఎంతమంది ఎందుకు మానేశారు, మానేసినవాళ్ళతో సహా అందరూ ఏడాది తర్వాత ఎక్కడున్నారు? నాతో పాటు ఇంకొక్క చెయ్యి లేచినా చాలు, దయచేసి.